మన్నికైన ఫొటోక్యాటలిస్ట్ కోసం ఏఐ భాషా మోడల్‌ని ఎలా వాడాలి?

నీటిచుక్క: వెలుగుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టే పనిలో ఎక్కువ గంటలు నిలిచే పదార్థాలు (ఫొటోక్యాటలిస్టులు) చెప్పమంటే మోడల్ కాడ్మియం సల్ఫైడ్‌నీ సిల్వర్ ఫాస్ఫేట్‌నీ ముందు పెట్టింది. రెండూ వెలుగులో చెడిపోయేవే కదా! ప్రాంప్ట్ ఎలా మార్చినా అదే జాబితా. 400 పేపర్ల పీడీఎఫ్‌లు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

హోల్‌మాస్టర్: లోపం ఉన్నది పేపర్లు రాసే తీరులోనే. వెలుగు పడి ఎలక్ట్రాన్ లేచిపోయిన చోట మిగిలే ధనావేశపు ఖాళీని హోల్ అంటారు. కాడ్మియం సల్ఫైడ్‌ని దాని హోల్సే తినేస్తాయి: సల్ఫైడ్ ఆక్సీకరణ చెంది కాడ్మియం నీళ్లలోకి పోతుంది. సోడియం సల్ఫైడ్, సల్ఫైట్ కలిపితే ఆ హోల్స్‌ని అవి లాగేసుకుంటాయి, పేపర్లో "స్థిరంగా ఉంది" అని పడుతుంది. సిల్వర్ ఫాస్ఫేట్‌ది దీనికి తలకిందులు. ఎలక్ట్రాన్లు సిల్వర్ అయాన్లని లోహంగా మార్చేస్తాయి. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఉన్నంతసేపే దానికి కాపుదల.

కాబట్టి మోడల్‌ని సలహా అడగొద్దు, గుమస్తా పని అప్పగించండి. ఒక్కో ప్రయోగానికి ఒక వరుస: పీహెచ్, దీపం, ఫిల్టర్, కో-క్యాటలిస్ట్ (చర్యకి తోడ్పడే రెండో పదార్థం), కలిపిన రసాయనం, మొత్తం గంటలు, చివరికి మిగిలిన చురుకుదనం, కరిగిన లోహం. పేపర్లో లేనిదానికి "లేదు" అనే రాయాలని గట్టిగా చెప్పండి, లేకపోతే సొంతంగా నింపేస్తుంది. ప్రతి విలువ పక్కనా పేపర్లోని వాక్యం యథాతథంగా పెట్టించండి. అది పీడీఎఫ్‌లో దొరక్కపోతే వరుస కొట్టేసే చిన్న స్క్రిప్ట్ చాలు. వాయువు వచ్చే వేగానికి వాడే గంటకి మైక్రోమోల్, గ్రాముకి గంటకి మైక్రోమోల్ అనే రెండు ప్రమాణాలు కలిసిపోవడం మామూలే. ఓ 50 పేపర్లు చేత్తో సరిచూడండి.

పూర్బే_పిచ్చి: కొత్త పదార్థాలకైతే సీఐఎఫ్ (స్ఫటిక నిర్మాణాన్ని రాసిపెట్టే) ఫైళ్ల మీద నేర్పిన క్రిస్టల్‌ఎల్ఎల్ఎం లాంటి భాషా మోడల్స్ ఉన్నాయి. వచ్చిన నిర్మాణాల్లో పరమాణువులు మరీ దగ్గరగా పడ్డవి ముందే ఏరేసి, మిగతావాటిని మేస్‌తో (పరమాణువుల మధ్య బలాలు లెక్కగట్టే మెషిన్ లెర్నింగ్ మోడల్) రిలాక్స్ చేయండి, అంటే పరమాణువులని తక్కువ శక్తి స్థానాలకి సర్దండి. హల్ (అత్యంత స్థిరమైన పదార్థాల శక్తి గీత) కంటే 0.05 ఈవీ/పరమాణువు పైన ఉన్నవి పక్కన పెట్టి, పైమాట్‌జెన్ అనే పైథాన్ లైబ్రరీలో పూర్బే చిత్రం (ఏ పీహెచ్, ఏ వోల్టేజీ దగ్గర పదార్థం నీళ్లలో నిలుస్తుందో చూపేది) గీయండి. చాలామంది 0, 1.23 వోల్టుల (నీటి నుంచి హైడ్రోజన్, ఆక్సిజన్ వచ్చే పొటెన్షియల్స్) దగ్గరే చూసి వదిలేస్తారు. హోల్ ఉండేది వేలెన్స్ బ్యాండ్ (ఎలక్ట్రాన్లు నిండి ఉండే శక్తి పట్టీ) అంచు పొటెన్షియల్‌లో, అక్కడా చూడాలి. పీబీఈ అనే లెక్కింపు పద్ధతి బ్యాండ్‌గ్యాప్‌ని (ఎలక్ట్రాన్ లేవడానికి కావాల్సిన శక్తి) తక్కువ చూపిస్తుంది, చివరి పదింటికైనా ఇంకా కచ్చితమైన హెచ్ఎస్ఈ06 పద్ధతి తప్పదు.

ఆర్గాన్: మిథిలీన్ బ్లూ అనే రంగుని విడగొట్టిన ఫలితాలు పట్టికలోకి రానివ్వకండి, ఆ రంగు వెలుగుకి తనంతట తానే వెలిసిపోతుంది. నైట్రైడ్లకి నైట్రోజన్ కాలమ్ కావాలి. టాంటలం నైట్రైడ్ తనే ఆక్సీకరణ చెందినప్పుడు వచ్చేది అదే. గాలి లీకైనా నైట్రోజనే కనిపిస్తుంది కనుక చీకట్లో బ్లాంక్ (వెలుగు లేకుండా అదే ప్రయోగం) నడిపారా అన్నదీ నమోదు చేయించండి.

నీటిచుక్క: మరి మిథనాల్ వాడినవన్నీ తీసేయాలా?

హోల్‌మాస్టర్: తీసేయకండి, వేరే గుంపుగా ఉంచండి. మిథనాల్ హోల్స్‌ని తీసుకుంటుంది కనుక, అందులోనూ చెడిపోయిన పదార్థం ఉంటే ముందు ఎలక్ట్రాన్లనే అనుమానించాలి.