పిల్లలకు ట్యూబు సైజు: వయసు లెక్క చాలా, మెడ మీద స్కాన్ చేసి చూడాలా?

పీజీ రెండో ఏడు:
సార్, మేడమ్, అందరికీ నమస్కారం. పోయిన వారం ఆరేళ్ల పాపకు టాన్సిల్స్ ఆపరేషన్. మత్తులో ఊపిరి కోసం గొంతులోకి వేసే ట్యూబు కఫ్ (చుట్టూ గాలి నింపే చిన్న బెలూన్) ఉన్నది కాబట్టి వయసును నాలుగుతో భాగించి మూడున్నర కలిపాను, 5 మిల్లీమీటర్ల సైజు వచ్చింది. ట్యూబు స్వరతంతువులు దాటింది కానీ ఆ కిందే ఆగిపోయింది. నెట్టబుద్ధి కాలేదు. తీసి, మాస్కుతో ఊపిరి ఇచ్చి, గొంతు లోపల చూసే లారింగోస్కోప్ మళ్లీ పెట్టి నాలుగున్నర వేశాం. మెలకువ వచ్చాక పాప ఊపిరి తీసుకున్నప్పుడల్లా కీచుమని శబ్దం. నెబులైజర్‌లో అడ్రినలిన్ ఇచ్చి రాత్రంతా పక్కనే కూర్చున్నాను. "ఆపరేషన్ గొంతుకేగా, ఊపిరికి ఏమైంది బాబూ?" అని వాళ్ల అమ్మమ్మ అడిగితే నోట మాట రాలేదు. నరాల బ్లాకుల (నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ల) కోసం తెచ్చిన అల్ట్రాసౌండ్ మెషీన్ అదే ఓటీలో ఉంది. ప్రతి పిల్లకీ ముందే కొలిచి ట్యూబు ఎంచుకోకూడదా?

పిల్లల ఓటీ మేడమ్:
కొలవాలి బాబూ. నేను నాలుగేళ్లుగా కొలుస్తున్నాను. మత్తు ఇచ్చాక లీనియర్ ప్రోబ్‌ని (మెషీన్‌లో ఒంటికి ఆనించే భాగాన్ని) మెడ మీద అడ్డంగా పెట్టి, స్వరతంతువుల నుంచి మెల్లగా కిందికి జరిపితే క్రికాయిడ్ (స్వరతంతువుల కింద ఉంగరంలా ఉండే మృదులాస్థి) నల్లటి వంపులా కనిపిస్తుంది. దాని లోపల గాలి అంచు తెల్లగా మెరుస్తుంది. ఆ గాలి వెడల్పే మనకు కావలసింది. మాస్కుతో గాలి నెట్టకుండా, ఒక్క క్షణం ఆగినప్పుడు కొలవాలి. 2010లో షిబసాకి అనే పరిశోధకుల బృందం ఇలా కొలిచి సైజు చెబితే, చివరికి సరిపోయిన ట్యూబుతో కఫ్ ఉన్నవాటిలో 98 శాతం, లేనివాటిలో 96 శాతం కలిసింది. ఒకటి మరిచిపోకు: ట్యూబు మీద పెద్దగా రాసి ఉండేది లోపలి వ్యాసం, గొంతుకు తగిలేది బయటి వ్యాసం. ఒకే నాలుగున్నరకి కూడా కంపెనీని బట్టి బయటి వ్యాసం మారుతుంది.

జిల్లా ఆసుపత్రి మత్తు డాక్టర్:
మేడమ్, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఈ సమస్యకు మందు స్కాన్ కాదు, మంచి కఫ్ ట్యూబు. 2009లో వైస్ అనే పరిశోధకుల బృందం యూరప్‌లో 2,246 మంది చిన్నపిల్లల్లో చూసింది. కఫ్ లేని ట్యూబు వేసినప్పుడు 30.8 శాతం మందికి మార్చాల్సి వచ్చింది, కఫ్ ఉన్నదైతే 2.1 శాతమే. తర్వాత కీచు శబ్దం రెండింటిలోనూ దాదాపు ఒకటే, 4.7 శాతం, 4.4 శాతం. అర సైజు తక్కువ వేసి కఫ్‌లో కాస్త గాలి నింపితే సరిపోయేదానికి ఇంత హడావుడి ఎందుకు? పైగా స్కాన్‌లో అడ్డం కొలతే వస్తుంది. ముందు నుంచి వెనక్కి ఎంతుందో గాలి నీడ వల్ల కనబడదు. మా దగ్గర మెషీన్ లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరైన గదిలోనే ఉంటుంది, ఓటీకి మోసుకురాలేం.

పిల్లల ఓటీ మేడమ్:
అడ్డం కొలతే మనకు మేలు చేస్తుంది సార్. ఎమ్మారై కొలతల్లో పిల్లల గొంతు అక్కడ గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది, అడ్డంగానే ఇరుకు. ఇక కఫ్ సంగతి. కఫ్‌కి కలిపి బయట వేలాడే బెలూన్‌ని వేలితో నొక్కి "బాగానే ఉంది" అనుకునే ఓటీలు ఎన్ని లేవు? ప్రెషర్ గేజ్ పెట్టి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటకుండా చూసేవాళ్లు ఎందరు? నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు వాడితే ఆ ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది. 4 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ 1 మిల్లీమీటరు వాపు వస్తే మిగిలేది పావు వంతు జాగా. ఆ పసివాడు ఎంత కష్టపడి ఊపిరి లాగుతాడో మీకు తెలియనిది కాదు.

జిల్లా ఆసుపత్రి మత్తు డాక్టర్:
గేజ్ మాట నిజం. అది ముందు కొనాలి, ప్రోబ్ కంటే ముందు. డౌన్ సిండ్రోమ్ పిల్లలు, నెలల తరబడి వెంటిలేటర్ మీద ఉండి వచ్చినవాళ్లు, వయసుకు తగ్గ ఎదుగుదల లేనివాళ్లు... వీళ్ల విషయంలో వయసు లెక్క మోసం చేస్తుంది, అక్కడ కొలవడానికి నాకూ అభ్యంతరం లేదు. వేరే కారణానికి తీసిన సీటీ ఫైల్లో ఉంటే అదీ తెరిచి చూస్తాను. ట్యూబు సైజు కోసమే సీటీకి పంపడం మాత్రం తప్పు, పిల్లకు రేడియేషన్ దండగ. మామూలు హెర్నియా పిల్లాడికి స్కాన్ తప్పనిసరి అంటే ఒప్పుకోను.

పీజీ రెండో ఏడు:
నిన్న నాలుగేళ్ల బాబు, బక్కగా ఉన్నాడు. లెక్క ప్రకారం నాలుగున్నర. మా సార్ పక్కనుండగా కొలిస్తే 5.8 మిల్లీమీటర్లు. నాలుగున్నర ప్యాకెట్ మీద బయటి వ్యాసం 6.2, నాలుగు మీద 5.6. నాలుగు వేశాను. ఒక్కసారికే వెళ్లింది. 20 ఒత్తిడి దగ్గర ట్యూబు పక్కనుంచి గాలి లీక్ సన్నగా వినిపించింది, కఫ్‌లో కొంచెం గాలి పెట్టి గేజ్ చూశాం. లేచాక గట్టిగా, శుభ్రమైన గొంతుతో ఏడ్చాడు. కొలవకపోయినా నాలుగే వేసేవాడివని సార్ అన్నారు. నేనైతే నాలుగున్నర చేతిలోకి తీసుకుని ఉన్నాను.