గుమ్మడికాయల దొంగ, ‘దాచిన ఎరుక’

ప్రశ్నలు అడుగుతూ ఒంట్లో కలిగే మార్పులను నమోదు చేసే పాలిగ్రాఫ్‌కు మన పత్రికలు వాడే ‘సత్యశోధన పరీక్ష’ అన్న మాట సరైనదేనా అని మొన్న ఒకరు అడిగారు. అబద్ధాన్ని పట్టే పరీక్షకు అది చెల్లవచ్చు గాని, 1959లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ లిక్కెన్ ప్రతిపాదించిన పద్ధతికి మాత్రం బొత్తిగా పొసగదు. ఆయన వెతికింది అబద్ధం కోసం కాదు. నేరం చేసినవాడికి మాత్రమే తెలిసే వివరం వినబడినప్పుడు ఆ మనిషి ఒళ్లు దాన్ని గుర్తుపడుతుందా అన్నది ఆయన ప్రశ్న.

దీనికి దగ్గరి సామెత మనకుంది: ‘గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట’. బూడిద గుమ్మడిని భుజాన మోస్తే దాని తెల్లటి పొడి అంటుకుంటుంది కనుక, మాట చెవిన పడగానే దొంగ చెయ్యి తనంతట తానే అక్కడికి పోతుంది. అయితే ఇక్కడ పోయినవి గుమ్మడికాయలని అడిగేవాడే బయటపెట్టాడు. నలుగురూ తనవైపే చూస్తున్నారన్న బెదురుతో ఏ పాపం ఎరుగనివాడు కూడా భుజం తడుముకోవచ్చు, పోల్చి చూడడానికి వేరే కాయ ఏదీ లేదు.

లిక్కెన్ పద్ధతిలో అయితే ఏ కాయ పోయిందో ఊళ్లో ఎవరికీ పొక్కనివ్వకుండా, ‘పోయింది బీరకాయా? సొరకాయా? దోసకాయా? గుమ్మడికాయా? పొట్లకాయా? కాకరకాయా?’ అని నింపాదిగా ఒక్కొక్కటే అడిగి, ఏ పేరు దగ్గర వేళ్లకు చెమట ఊరి చర్మపు విద్యుత్ వాహకత ఎక్కువ పెరిగిందో చూస్తారు. మొదటి పేరుకు ఎవరి ఒళ్లయినా ఉలిక్కిపడుతుంది కనుక బీరకాయను లెక్కలోంచి తీసేస్తారు. ఏమీ తెలియనివాడికి మిగిలిన ఐదూ ఒకటే కాబట్టి, గుమ్మడి దగ్గరే అన్నిటికంటే పెద్ద స్పందన రావడానికి అవకాశం ఐదింట ఒకటి. ఇలాంటి ప్రశ్నలు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, ఆరు వేస్తే నాలుగు గాని అంతకుమించి గాని కాకతాళీయంగా కలిసివచ్చే సంభావ్యత సుమారు 1.7 శాతం; ఆరూ కలిసిరావడం 15,625లో ఒక్కసారి. నిరపరాధి చిక్కుకునే ప్రమాదం ఎంతో ముందే లెక్కకట్టగలగడమే ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. వివరం ముందే పేపర్లో వచ్చేస్తే మాత్రం ఆ లెక్క చెల్లదు.

కాబట్టి దీన్ని ‘దాచిన ఎరుక పరీక్ష’ అందామని నా ప్రతిపాదన. ‘గుర్తింపు’ అంటే కార్డులే మనసులో మెదులుతాయి, ‘జ్ఞానం’ ఇక్కడికి మరీ బరువు. తెలంగాణలో ‘నాకెరుకే’ అన్నప్పుడు పలికే అర్థమే ఇక్కడ కావలసింది. ‘ఎరుక చెప్పడం’ అంటే సోది చెప్పడం కూడా కదా అని అభ్యంతరం రావచ్చు గాని, ముందు ‘దాచిన’ ఉండగా ఆ పొరపాటు పడరని నమ్ముతున్నాను. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, బలవంతపు పాలిగ్రాఫ్ పరీక్ష, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ని బలవంతపెట్టకూడదనే రాజ్యాంగంలోని 20(3) అధికరణానికి విరుద్ధమని తేల్చినప్పుడు చూపిన కారణం కూడా ఇదే: నోరు విప్పకపోయినా, ఆ పరీక్ష మనిషి సొంత ఎరుకను అతని ఇష్టం లేకుండా బయటికి లాగుతుంది.