గోల్ఫ్ గేమ్‌లో బ్రేక్ (వాలుకి బంతి పక్కకి వంగడం) చూడాల్సింది హోల్ దగ్గరా, దారంతానా?

కావలి కుర్రోడు: నెల్లూరు గ్రూపులో రోజూ ఇదే రచ్చ. గ్రిడ్ గీతల మీద వాలు ఎటుందో చూపిస్తా చుక్కలు పారే గోల్ఫ్ వీడియో గేమ్‌లో "చివరి మూడో వంతు చూస్తే చాలు, బంతి మెల్లబడ్డాకే కదా వంగేది" అంటారు సగం మంది. ఒక పుట్ (హోల్‌లోకి బంతిని దొర్లించే దెబ్బ) చెప్తా. 12 అడుగులు. మొదటి 6 అడుగుల్లో చుక్కలు కుడికి పరిగెడతన్నాయి, ఆ తర్వాత కదలికే లేదు. ఎయిమ్ ఎంత జరపాల?

ఒంగోలు గిత్త: మహా అయితే హోల్ ఎడమ అంచుకి. వేగం మీదున్న బంతిని వాలు ఏం చేస్తదన్నా?

పెన్నా ఒడ్డు: అట్ట కొడితే కుడికి పోతది అబ్బయా. మొదట్లో బంతి తిరిగేది కొంచెమే, ఒప్పుకుంటా. కానీ ఆ కొంచెం వంకరతోనే మిగతా దూరమంతా పోవాలి కదా. చివర్లో బాగా తిరుగుద్ది, అయితే పోవడానికి దూరం మిగలదు. దీనికీ దానికీ చెల్లు. హోల్ దగ్గర ఆగేలా కొట్టిన పుట్‌లో ప్రతి అడుగూ సమానంగానే పక్కకి లాగుద్ది. కంటికి చివరి వంపే కనపడుద్ది, అందుకే ఈ అపోహ.

లెక్క కావాలంటే: స్టింప్ 10 గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద, అంటే స్టింప్‌మీటర్ అనే గాడి పట్టీ నుంచి జారిన బంతి చదునులో 10 అడుగులు పోయే చోట, 1 శాతం అడ్డవాలుకి అడుగుకి ముప్పావు అంగుళం. పై పుట్‌లో వాలు 2 శాతం అనుకో, 6 అడుగులకి 9 అంగుళాలు. హోల్ వెడల్పే 4.25 అంగుళాలు, రెండు హోళ్లు పక్కకి పోయినట్టే. స్టింప్ 13 అయితే ఆ 9 కాస్తా 12.

ఒంగోలు గిత్త: అది హోల్ దగ్గరే ఆగే చచ్చుబంతి లెక్క. హోల్ దాటి 2 అడుగులు పోయేలా కొడితేనో?

పెన్నా ఒడ్డు: అప్పుడు నీ వాదం ఇంకా బలహీనం. హోల్‌కి 2 అడుగుల ముందున్న వాలు బలం సగానికి పడిపోద్ది. 12 అడుగుల దూరాన తగ్గేది ఏడో వంతే. గట్టిగా కొట్టేకొద్దీ మొదటి సగానిదే పెత్తనం. పైగా వేగంగా వచ్చిన బంతి అంచు తగిలి బయటికి తిరుగుద్ది.

ఉదయగిరి కొండ: ఇద్దరూ నిలువు వాలు మర్చిపోయారు. అడ్డవాలు ఒకటే అయినా, స్టింప్ 10లో 2 శాతం దిగుడు పుట్, అదే 2 శాతం ఎక్కుడు పుట్ కంటే ఒకటిన్నర రెట్లకి పైగా వంగుద్ది. తెర మీద చూపించే ఎలివేషన్ని నమ్ముకుంటే మోసమే, అది బంతికీ హోల్‌కీ మధ్య ఎత్తు తేడా మాత్రమే. నడిమధ్యలో దిబ్బ ఉన్నా సున్నా అనే చూపిస్తది.

కావలి కుర్రోడు: చుక్కల్ని శాతంలోకి మార్చేదెట్ట?

పెన్నా ఒడ్డు: మార్చబాక. ప్రాక్టీస్ గ్రీన్‌లో చుక్కలన్నీ ఒకే వేగంతో అడ్డంగా పారే చోటు వెతుకు. చుక్క ఒక గడి దాటడానికెన్ని సెకన్లో రాసుకో. 10 అడుగుల నుంచి నేరుగా, హోల్ దగ్గర ఆగేలా కొట్టి, ఎన్ని అంగుళాలు తప్పిందో చూడు. పదితో భాగిస్తే ఆ వేగానికి అడుగు రేటు. మెల్ల, మధ్యస్థం, వేగం, మూడు రేట్లు చాలు. గేమ్ మారినా స్టింప్ మారినా మళ్లీ కొలవాల్సిందే, ఒక్కో గేమ్‌లో బ్రేక్ ఒక్కోలా ఉండొచ్చు.

ఒంగోలు గిత్త: షాట్ టైమర్ పరిగెడతా ఉంటే గడులన్నీ ఎవడు లెక్కపెడతాడు?

పెన్నా ఒడ్డు: అన్నీ వద్దు. పుట్‌ని రెండు ముక్కలు చెయ్, ముక్కకొక చుక్క చూడు. చచ్చుబంతికి ఎడమ వాలు, కుడి వాలు సమానమైతే కొట్టేసుకుంటాయి, నేరుగా కొట్టు. టైమ్ లేక ఒక్క ముక్కే చూడగలిగితే, గట్టిగా కొట్టేవాడివి కాబట్టి నువ్వు చూడాల్సింది బంతి దగ్గరి ముక్క.