రెండున్నరేళ్ళ పాపని దత్తత తెచ్చుకున్నాం, ఇంట్లోనే నేర్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (ఫ్రిస్కో, టెక్సస్)

కొత్త అమ్మ, ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి ఇంకా మూడేళ్ళు కాలేదు. మావారు ఇక్కడి సిటిజన్. కారా (ఇండియాలో దత్తతలు చూసే ప్రభుత్వ సంస్థ) ద్వారా మహారాష్ట్ర నుంచి పాపని దత్తత తీసుకున్నాం. దత్తత పిల్లలకిచ్చే ఐహెచ్-3 వీసా మీద మూడు వారాల కిందట తీసుకొచ్చాం. పాపకి రెండేళ్ళ ఐదు నెలలు. నాలుగైదు మరాఠీ మాటలు తప్ప ఏమీ మాట్లాడదు. మాది రాజమండ్రి, మాకు మరాఠీ రాదు.

నాకు ఉద్యోగం లేదు కాబట్టి డేకేర్‌కి పంపకుండా ఇంట్లోనే నేర్పిద్దామని అఆల చార్టు, ఏబీసీడీ ఫ్లాష్ కార్డులు కొన్నా. టైమ్‌టేబుల్ కూడా వేసుకున్నా. కార్డు చూపిస్తే లేచి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. ఇంటికి ఎవరొచ్చినా ఒళ్ళోకి వెళ్ళిపోతుంది, నా దగ్గరికి మాత్రం పిలిస్తేనే వస్తుంది. రాత్రి మెలకువ వచ్చినా ఏడవదు, కళ్ళు తెరుచుకుని అలాగే పడుకుని ఉంటుంది. అందరూ "ఎంత బుద్ధిమంతురాలో" అంటున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది. వచ్చే ఆదివారం అరవై మందిని పిలిచి ఫంక్షన్ చేద్దామంటున్నారు మావాళ్ళు. హోమ్‌స్కూల్‌కి ఎక్కడైనా రిజిస్టర్ చేయించాలా? ఏ సిలబస్ మంచిది? దయచేసి చెప్పండి.

ఇర్వింగ్ నాన్న:

కంగ్రాట్స్ అండీ! సిలబస్ సంగతి తర్వాత, ముందు ఇన్సూరెన్స్. మీవారి కంపెనీ ప్లాన్‌లో పాపని చేర్చారా? దత్తతకి కూడా కన్నబిడ్డకి ఇచ్చినట్టే ఏడాది మధ్యలో చేర్చుకునే హక్కుంది, కానీ గడువు మామూలుగా 30 రోజులే. అది కూడా విమానం దిగిన రోజు నుంచి కాకుండా దత్తత తేదీ నుంచి లెక్కపెట్టే ప్రమాదం ఉంది. దత్తత ఆర్డరు తేదీ, పాప వచ్చిన తేదీ రెండూ రాసి ఇవాళే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టించండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు.

పనిలో పనిగా సెలవు గురించి కూడా అడగమనండి. కంపెనీలో కనీసం 50 మంది ఉండి, మీవారు అక్కడ ఏడాదికి పైగా పనిచేసి ఉంటే ఎఫ్ఎంఎల్ఏ అనే కుటుంబ సెలవుల చట్టం కింద దత్తతకి 12 వారాల దాకా సెలవు దొరుకుతుంది. జీతం రాదు, ఉద్యోగం మాత్రం పోదు. పాప వచ్చిన ఏడాదిలోపే వాడుకోవాలి.

ప్లేనో అక్క:

నువ్వు అంటున్నా, ఏమీ అనుకోకు అమ్మాయ్. మా అమ్మాయి కూడా రెండేళ్ళు దాటాకే ఒడిశా నుంచి మా ఇంటికొచ్చింది. ఇప్పుడు మిడిల్ స్కూల్లో ఉంది. నువ్వు రాసినవన్నీ నాకు బాగా తెలిసినవే.

ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారని తెలిసిన పిల్లలే ఏడుస్తారు. శిశుగృహంలో ఆయాలు ఎంత మంచివాళ్ళైనా ఒక్కొక్కరు చాలామందిని చూసుకోవాలి, డ్యూటీ మారితే మనిషి మారిపోతుంది. ఆ పిల్లకి ఏ ఒళ్ళైనా ఒకటే. చుట్టాలు దాన్ని కలుపుగోలుతనం అని ముచ్చటపడతారు. ముచ్చటపడాల్సింది ఏమీ లేదు. మీ ఇద్దరూ మిగతావాళ్ళలాంటివాళ్ళు కాదని పాపకి ఇంకా తెలియలేదు, అంతే. మూడు వారాల్లో ఎలా తెలుస్తుంది? కాబట్టి ఇప్పుడు నువ్వు నేర్పాల్సింది అదొక్కటే: ఆకలేస్తే అన్నం పెట్టేది, పడితే లేవదీసేది, రాత్రి పక్కన ఉండేది ఈ ఇద్దరేనని. చార్టూ, కార్డులూ, టైమ్‌టేబులూ తీసి క్లోజెట్‌లో పడెయ్.

ఫంక్షన్ ఆపేయ్. అరవై మంది కాదు, ఆరుగురు కూడా వద్దు. కొన్ని నెలల పాటు తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం, ఎత్తుకోవడం మీ ఇద్దరే చేయండి. ఎవరైనా చేతులు చాపితే "ఇంకొన్నాళ్ళు మేమే ఎత్తుకుంటామండీ" అని నవ్వుతూ చెప్పి పాపని నువ్వు తీసుకో. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. శనివారం గుడి, పొట్లక్కులు, బర్త్‌డే పార్టీలు అన్నీ తర్వాత చూసుకోవచ్చు.

రాత్రిళ్ళు పాప పరుపు నీ మంచం పక్కనే వెయ్. ఏడవకపోయినా సరే, కళ్ళు తెరిచి కనిపిస్తే నువ్వే లేచి వీపు నిమిరి, నీళ్ళు కావాలా అని అడుగు. అడక్కుండానే వస్తున్నావని కొన్నాళ్ళకి అర్థమై, అప్పుడు ఏడవడం మొదలుపెడుతుంది. "ఇన్నాళ్ళూ బాగానే ఉంది, నువ్వే చెడగొట్టావ్" అనేవాళ్ళుంటారు. పట్టించుకోకు.

తిండి సంగతి నువ్వు రాయలేదు కానీ, చూస్తూ ఉండు. మా అమ్మాయి దిండు కింద చపాతీ ముక్కలు దాచేది. బుగ్గలో అన్నం పెట్టుకుని అలాగే నిద్రపోయేది. నేను తిట్టలేదు, లాక్కోలేదు. దాని చేతికందే అరలో ఒక మూత డబ్బా పెట్టి అరటిపండు, ఇడ్లీ ముక్కలు, బిస్కెట్లు వేసి ఉంచేదాన్ని. మొదట్లో రోజంతా ఆ డబ్బా మూత తీసి చూసుకుని మళ్ళీ మూసేది. తినేది కాదు, ఊరికే చూసుకునేది. ఎప్పుడు తెరిచినా అందులో ఏదో ఒకటి ఉండేలా చూసుకున్నాం. దిండు కింద ముక్కలు క్రమంగా ఆగిపోయాయి. పల్లీలు, ద్రాక్షపళ్ళు మాత్రం అందులో వేయకు, గొంతుకి అడ్డం పడతాయి. బుగ్గలో అన్నం ఉంటే నీళ్ళు తాగించి, నోరు ఖాళీ చేయించాకే పడుకోబెట్టు.

ఇక భాష. పాణీ, భాత్, ఆయీ, నకో లాంటి రోజువారీ మరాఠీ మాటలు నువ్వే నేర్చుకో. ముఖ్యంగా నకో, అంటే వద్దని. నకో అన్నప్పుడు కార్డు పక్కన పెట్టేసి చూడు, గోడ వైపు తిరగాల్సిన అవసరం ఉండదు. మిగతాదంతా నీ గోదావరి తెలుగులో మాట్లాడుతూ పో. "ముందు ఇంగ్లీషు నేర్పండి, లేకపోతే వెనకబడుతుంది" అని పార్కులో కనిపించిన ప్రతివాళ్ళూ చెప్తారు. నీకు తడుముకోకుండా వచ్చే భాషలో పొద్దున్నుంచి రాత్రి దాకా కబుర్లు చెప్పడం కంటే గొప్ప పాఠం ఈ వయసుకి లేదు. ఇంగ్లీషు ఈ దేశంలో ఎలాగూ వస్తుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. ఒక్కటి తెలుసుకో: మరాఠీ కొద్ది నెలల్లోనే మర్చిపోతుంది, తెలుగు రావడానికి ఇంకా టైం పడుతుంది. మధ్యలో ఏ మాటా లేని రోజులుంటాయి. అప్పుడు విసిరేయడం, కొరకడం ఎక్కువవుతాయి. అది మొండితనం కాదు.

నేర్పకుండా ఉండలేను అంటావా, ఇంట్లో పనికి పిలువు. డ్రయర్‌లోంచి తీసిన బట్టల్లో సాక్సులు జతలు కలపడం లెక్కలే. కూరగాయల బుట్ట ముందేసుకుని వంకాయ, బెండకాయ, టమాటా ఒక్కొక్కటీ చేతికివ్వడం తెలుగు క్లాసే. స్టీలు పళ్ళెంలో బియ్యప్పిండి పోసి వేలితో గీతలు గీయనివ్వు, పెన్సిలు పట్టుకోవడానికి ఇంకా చాలా టైముంది. దోబూచులాట, ఉప్పుమూట రోజూ ఆడండి. దోబూచులాటలో కనపడకుండా పోయిన మనిషి మళ్ళీ కనపడుతుంది చూడు, ఇలాంటి పిల్లలకి ఆ ఆట చాలా అవసరం. ఆదివారం నూనె రాసి సున్నిపిండితో తలంటు పోయ్. వెంటనే ఒళ్ళంతా ముట్టుకోనివ్వకపోతే పాదాలతో మొదలుపెట్టు, వద్దంటే ఆపేయ్.

అక్షరాభ్యాసం మూడో ఏడో, ఐదో ఏడో మీ ఇష్టం. ఎప్పుడైనా ఇండియా వెళ్తే బాసరలో చేయించండి, లేదంటే ఇక్కడి గుళ్ళోనే చేస్తారు. మనబడి లాంటి తెలుగు క్లాసులు అంతకన్నా తర్వాత.

ఆలెన్ నాన్న:

అక్క చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటా. నెలల తరబడి ఇంట్లో తలుపులేసుకుని కూర్చుంటే పాప సంగతేమో గానీ తల్లికి పిచ్చెక్కుతుంది. ఇక్కడ అమ్మమ్మలు, పక్కింటి పిన్నులు ఉండరు. మావాణ్ణి ఒక పూట డేకేర్‌కి పంపాం, ఇంగ్లీషు చకచకా వచ్చేసింది, మా ఆవిడా కాస్త ఊపిరి పీల్చుకుంది. ఆలోచించండి.

ప్లేనో అక్క:

ఆలెన్ నాన్నగారూ, మీ అబ్బాయి పుట్టినప్పటి నుంచీ మీ దగ్గరే పెరిగాడు. సాయంత్రం అమ్మ వస్తుందని వాడికి తెలుసు. ఈ పిల్లని ఇప్పుడు డేకేర్‌లో దింపితే మళ్ళీ ఇంకో ఇంటికి మార్చారనుకుంటుంది. తల్లి గురించి మీరన్నది మాత్రం నిజం. అమ్మాయ్, మీవారు ఆ 12 వారాలు ఒకేసారి తీసుకోకుండా కంపెనీ ఒప్పుకుంటే వారానికి రెండు పూటల చొప్పున తీసుకోమను. ఆ పూటలు నువ్వు బయటికి వెళ్ళు. దత్తత తర్వాత తల్లులకి కూడా దిగులు కమ్ముకుంటుంది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన బిడ్డ వచ్చాక ఏడుపేంటని సిగ్గుపడకు, డాక్టరుకి చెప్పు.

పాప నీకు కాస్త అలవాటయ్యాక ఫ్రిస్కో లైబ్రరీకి తీసుకెళ్ళు. పెద్ద డైనోసార్ అస్థిపంజరం బొమ్మ ఉంటుంది, పిల్లలు దాన్ని వదలరు. జనం లేని పూట చూసుకో.

కాపెల్ పిల్లల డాక్టర్:

వైద్యం గురించి రెండు ముక్కలు. అక్కడ వీసా కోసం చేసిన పరీక్షలతో సరిపోదు. వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇక్కడి పీడియాట్రీషియన్‌కి పూర్తిగా చూపించాలి. హిమోగ్లోబిన్, రక్తంలో సీసం, హెపటైటిస్ బి, మలంలో నులిపురుగులు, టీబీ పరీక్షలు అడగండి. పాప భుజం మీద బీసీజీ మచ్చ ఉంటుంది కదా, చర్మం మీద చేసే టీబీ పరీక్షలో ఆ టీకా వల్ల పొరపాటుగా పాజిటివ్ రావచ్చు. రెండేళ్ళు దాటింది కాబట్టి రక్తపరీక్ష చేయమని చెప్పండి. టీకాల కార్డు, కారా మెడికల్ రిపోర్టు తీసుకెళ్ళండి.

ఇంకొకటి, ఇది ఆలస్యం చేయొద్దు. టెక్సస్‌లో ఈసీఐ అని ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలకి ఇంటికొచ్చి సాయం చేసే ప్రోగ్రాం ఉంది. డాక్టరు చీటీ అక్కర్లేదు, మీరే ఫోన్ చేయొచ్చు. పరీక్షకి డబ్బు తీసుకోరు. అది మూడేళ్ళు నిండేదాకే. మీ పాపకి ఉన్నది ఏడు నెలలు, పరీక్ష చేసి ప్లాన్ రాయడానికే వాళ్ళకి 45 రోజుల దాకా గడువుంటుంది. పాపకి ఇంగ్లీషు రాదని, వినిపించిన భాష మరాఠీ అని ముందే చెప్పండి. మూడు దాటాక ఆ బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది (మీ ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపేవాళ్ళది), మీరు హోమ్‌స్కూల్ చేస్తున్నా పరీక్ష చేయమని అడగొచ్చు.

మెకిన్నీ హోమ్‌స్కూల్ అమ్మ:

రిజిస్ట్రేషన్ ప్రశ్నకి జవాబు: అక్కర్లేదు. టెక్సస్‌లో ఆరేళ్ళ దాకా బడికి పంపాలన్న రూలే లేదు. ఆ తర్వాత కూడా ఇంటి చదువుని ప్రైవేటు బడిగా లెక్కేస్తారు. 1994లో టెక్సస్ సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇచ్చిన తీర్పు అది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ ఐదూ నిజాయితీగా చెప్తే చాలు, పరీక్షలూ ఇన్‌స్పెక్షన్లూ ఉండవు. ఇప్పుడే వేలు పోసి ప్యాకేజీలు కొనొద్దు.

కొత్త అమ్మ, ఫ్రిస్కో:

అందరికీ చాలా థాంక్స్. ఫంక్షన్ ఆపేశాం, మా ఆడపడుచు రెండు రోజులు మాట్లాడలేదు. హెచ్‌ఆర్‌కి మెయిల్ వెళ్ళింది. అక్కా, ఇంకో సమస్య. వచ్చే నెల మా అత్తయ్యగారు వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. చాలా మంచావిడ, కానీ "దత్తత అని పాపకి ఎప్పటికీ తెలియనివ్వొద్దు, నీ కడుపున పుట్టిందనే చెప్పు" అంటున్నారు.

ప్లేనో అక్క:

ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. మనవైపు పెంపుడు బిడ్డ అనగానే ఆస్తి, గోత్రం, పెళ్ళి అన్నీ లాగుతారు, మనవరాలిని వాటి నుంచి కాపాడదామనే ఆవిడ ఉద్దేశం. కానీ ఇది దాగేది కాదు. ఫంక్షన్‌కి పిలుద్దామనుకున్న అరవై మందికీ తెలుసు. ఏ పెళ్ళిలోనో ఎవరో నోరు జారి చెప్తే అప్పుడు పాప మీ ఇద్దరినీ దేనికీ నమ్మదు. అందుకే అర్థం కాని వయసులోనే చెప్పడం మొదలుపెట్టు. శిశుగృహం వాళ్ళిచ్చిన ఫొటోలు, మొదటిరోజు వేసుకున్న గౌను, ఆయా ఫొటో ఉంటే అదీ ఒక ఆల్బంలో పెట్టు. రాత్రి కథలా "నువ్వు ఇక్కడుండేదానివి, అమ్మానాన్నా విమానమెక్కి నీకోసం వచ్చారు" అని చెప్పు. "మేం కాపాడాం", "నీ అదృష్టం" లాంటి మాటలు వద్దు. కన్నతల్లి గురించి చెడ్డగా ఒక్క మాట అనొద్దు. ఇంట్లో ఎవరినీ అననివ్వొద్దు.

ఇదంతా అత్తయ్యగారితో నువ్వు కాదు, మీవారు మాట్లాడాలి. అదీ ఆవిడ విమానం ఎక్కకముందే. వచ్చాక వంటగది ఆవిడకి అప్పగించు, పప్పన్నం ఆవిడే కలపనీ. ముద్దలు పెట్టేది మాత్రం నువ్వే. పాప నీ ఒళ్ళో కూర్చుని ఆవిడతో ఆడుకుంటే చాలు మొదట్లో. దెబ్బ తగిలితే పాప నీ దగ్గరికి పరిగెత్తుకు రావడం అలవాటయ్యాక ఆవిడ చేతికి కూడా ఇవ్వు.

ఇర్వింగ్ నాన్న:

కాగితాల గురించి మర్చిపోకముందే రాస్తున్నా. ఐహెచ్-3 మీద వచ్చి సిటిజన్ అయిన మీవారి దగ్గరే ఉంటోంది కాబట్టి పాప ఈ దేశంలో అడుగుపెట్టిన రోజే సిటిజన్ అయిపోయింది. సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ పోస్టులో వస్తుంది, ఇల్లు మారితే అడ్రస్ మార్పించండి. సోషల్ సెక్యూరిటీ నంబరుకి విడిగా అప్లై చేయాలి. అమెరికా పాస్‌పోర్టుకి మీరిద్దరూ పాపతో పాటు వెళ్ళాలి. ఇండియన్ పాస్‌పోర్టు మీద ఇక ప్రయాణం కుదరదు, దాన్ని సరెండర్ చేసి ఓసీఐ (విదేశీ పౌరులైన భారతీయులకిచ్చే కార్డు) తీసుకోండి. మీ దత్తత ఏజెన్సీ రెండేళ్ళ పాటు కారాకి రిపోర్టులు పంపాలి, మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి. వాళ్ళు అడిగే దాకా ఆగకుండా మీరే గుర్తుచేయండి. ఖర్చుల రసీదులన్నీ దాచండి. 2025లో దత్తత పూర్తయితే 17,280 డాలర్ల దాకా ట్యాక్స్ క్రెడిట్ ఉంది, అందులో 5,000 దాకా మీరు కట్టాల్సిన పన్ను లేకపోయినా చేతికొస్తుంది. తర్వాతి ఏళ్ళకి ఆ అంకెలు మారతాయి, ఆదాయం బాగా ఎక్కువుంటే తగ్గుతుంది. దానికి నింపాల్సింది ఫారం 8839. మీ ట్యాక్స్ ఆయనకి దత్తతల అనుభవం లేకపోతే చెప్పండి, మాకు చేసినాయన నంబరు విడిగా పంపిస్తా.