ఆరు నెలల ఎముకల ఇంజెక్షన్ ఒక విడత మానేస్తే ఏమవుతుంది?

తెనాలి_కుర్రాడు:
అమ్మకి 68. ఎముకలు బాగా గుల్లబారాయని డెక్సా స్కాన్‌లో తేలితే డాక్టర్ గారు ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ ఇంజెక్షన్ రాశారు. మూడు అయ్యాయి, నాలుగోది ఈ నెల. "నొప్పులేం లేవు కదరా, ఈసారికి వద్దులే" అంటోంది. మా పెద్దమ్మ వారానికో అలెండ్రోనేట్ బిళ్ళ చొప్పున అయిదేళ్లు వేసుకున్నాక వాళ్ళ డాక్టరే కొన్నాళ్లు ఆపమన్నారట, అమ్మ వాదనంతా అదే. రెండూ ఎముక కరగకుండా చేసే మందులే కదా, మరి దానికి సెలవుండి దీనికెందుకు లేదు?

మందులషాపు_బాబాయ్:
ముందు ఇంజెక్షన్ వేయించు, కారణం తర్వాత చదువుకోవచ్చు.

మన ఎముకలో ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకని కరిగిస్తుంటే ఆస్టియోబ్లాస్టులు అదే చోట కొత్తది కడుతుంటాయి. ముట్లు ఆగాక ఈస్ట్రోజన్ పడిపోయి కరిగించడమే ఎక్కువవుతుంది. అలెండ్రోనేట్ నేరుగా ఎముకలోని ఖనిజానికి అతుక్కుంటుంది, ఆస్టియోక్లాస్ట్ ఆ చోటు కరిగించబోతే మందు దాని లోపలికి పోయి ఒక ముఖ్యమైన ఎంజైముని ఆపేస్తుంది, ఇక ఆ కణం పనిచేయదు, చాలాసార్లు చచ్చిపోతుంది. బిళ్ళలు మానేసినా ఎముకలో దాగిన మందు ఏళ్ల తరబడి ఉంటుంది. పెద్దమ్మగారి సెలవు ఆ నిల్వ మీదే నడుస్తోంది.

డెనోసుమాబ్‌కి ఆ నిల్వ లేదు. ఆస్టియోక్లాస్టులు తయారవ్వాలంటే ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్ కావాలి, ఈ మందు దాన్ని పట్టేసుకుంటుంది. ఆరు నెలలు దాటేసరికి మందు రక్తంలోంచి దాదాపు పోతుంది, అణిగి ఉన్న కణాలన్నీ ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి, మామూలుకన్నా ఎక్కువగా. పెరిగిన ఎముక సాంద్రతంతా ఏడాది, రెండేళ్లలో పోవచ్చు. కొందరికి వెన్నుపూసలు ఒకటి కాదు, వరసగా రెండు మూడు విరుగుతాయి. గుల్లబారినంతకాలం నొప్పి తెలియదు, విరిగాకే తెలుస్తుంది, కాబట్టి నొప్పి లేదన్న లెక్క పనికిరాదు.

కోడలుపిల్ల:
మా అత్తగారికీ ఇదే ఇంజెక్షన్. ఆలస్యమైనా ఏడు నెలలు దాటనివ్వొద్దని మా డాక్టర్ గట్టిగా చెప్పారు. నిజంగా ఆపాలనుకుంటే జోలెడ్రోనిక్ యాసిడ్ (అలెండ్రోనేట్ కోవ మందే) లాంటిది వెనకే ఇవ్వాలట, ఊరికే వదిలేయకూడదు. క్యాల్షియం, విటమిన్ డి కూడా చూపించండి, తక్కువుంటే ఇంజెక్షన్ తర్వాత క్యాల్షియం ఇంకా పడిపోతుంది.

నడక_మాస్టారు:
కరగడం ఆపే బదులు ఎముకని కట్టే టెరిపారటైడ్‌కి మారిపోతే పోలా?

మందులషాపు_బాబాయ్:
మాస్టారూ, అది మంచి మందే. పారాథైరాయిడ్ హార్మోన్‌లో ఒక ముక్క అది. ఆ హార్మోన్ ఒంట్లో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుంది, అదే రోజుకోసారి 20 మైక్రోగ్రాములు పొడిస్తే ఆస్టియోబ్లాస్టులు జోరందుకుంటాయి, తమాషా కదా. కానీ డెనోసుమాబ్ ఆపి నేరుగా దీనికి మారితే కొన్నాళ్లు సాంద్రత తగ్గుతుంది. కట్టే మందు ముందు, ఆపే మందు తర్వాత అయితే బాగుంటుంది, అమ్మగారి విషయంలో ఆ వరస ఇప్పుడు తిరగబడుతుంది.

తెనాలి_కుర్రాడు:
శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఇంకొకటి, అమ్మ ఓ పన్ను పీకించుకోవాలి. ఏది ముందు?

కోడలుపిల్ల:
ఎముకల డాక్టర్‌కి పన్ను సంగతి, పళ్ళ డాక్టర్‌కి ఇంజెక్షన్ సంగతి చెప్పండి. ఈ మందుల మీద ఉన్నప్పుడు పన్ను పీకిస్తే అరుదుగా దవడ ఎముక మానదు, అందుకని వాళ్ళే రోజు చూసి చెప్తారు. పన్ను కోసమని మీరుగా ఇంజెక్షన్ వాయిదా వేయకండి.