చర్చ: మందుల కంపెనీల డబ్బుతో మెడికల్ కాలేజీలు అంతర్జాతీయ సదస్సులు పెట్టొచ్చా?

సర్కారు పీజీ:
వచ్చే నెల మా కాలేజీలో ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్. స్టాళ్ల పేరుతో కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంటున్నారు. అది తప్పని మా సీనియర్ సార్ ఒకాయన. తీసుకోకపోతే ఆ భారమంతా పీజీల రిజిస్ట్రేషన్ ఫీజు మీద పడుతుందని మా హెచ్ఓడీ మేడమ్. మీరేమంటారు?

పాతకాపు:
మీ సీనియర్‌దే నా మాట కూడా. కంపెనీ ఖర్చుతో డాక్టర్లు కాన్ఫరెన్సులకు తిరగకూడదని అప్పట్లో డాక్టర్లకు రూల్సు పెట్టిన మెడికల్ కౌన్సిల్ (ఎంసీఐ) 2009లోనే రూలు పెట్టింది. 2024 మార్చిలో కేంద్ర ఫార్మా శాఖ తెచ్చిన యూసీపీఎంపీ కోడ్ (మందుల కంపెనీలు ప్రచారం ఎలా చేసుకోవాలో చెప్పే నియమాలు) కూడా విమానం టికెట్లు, హోటల్ గదులు వద్దంది. కాకపోతే స్పీకర్‌గా వెళ్తే పర్లేదట! ఇంకేం, ఈమధ్య స్పీకర్ల లిస్టులు పెళ్లి శుభలేఖలో బంధుమిత్రుల పేర్లలా సాగుతున్నాయి.

అనాటమీ అక్క:
సార్, కోడ్ మొత్తం చదవాలి కదా. మెడికల్ కాలేజీలు, యూనివర్సిటీలు, డాక్టర్ల సంఘాలు సీఎంఈలు (డాక్టర్లు కొత్త సంగతులు నేర్చుకునే క్లాసులు) పెట్టుకుంటే కంపెనీలు సాయం చేయొచ్చని అందులోనే ఉంది. విదేశాల్లో పెట్టకూడదు, ఖర్చు వివరాలు కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి, అంతే. ఐదేళ్లకు 30 గంటల సీఎంఈ ఉండాలని 2002 నుంచీ రాసుకున్నాం. ఆ గంటలకు హాలు అద్దె, భోజనాలు ఎవరిస్తారు? సర్కారు ఇస్తుందా?

పాతకాపు:
రూలు ఒప్పుకుంటే సరిపోయిందా అమ్మా? కోడ్ మీరితే ఫిర్యాదు ముందు వినేది కంపెనీల సంఘంలోని ఎథిక్స్ కమిటీయే. దొంగ చేతికే తాళాలు! మొన్నో సదస్సులో మెళ్లో వేసిన ఐడీ కార్డు తాడు మీద గ్యాస్ మాత్ర పేరు. మధ్యాహ్నం గ్యాస్ట్రో లెక్చర్‌లో స్లైడు మీదా అదే పేరు. రెండున్నరకి హాలు సగం ఖాళీ, బయట స్టాల్ దగ్గర మాత్రం బ్యాగు కోసం క్యూ.

ఉద్దానం బిడ్డ:
తాడు మీద పేరు కంటికి కనబడుతుంది కాబట్టి దాన్ని తిట్టుకుంటున్నాం. అసలు ప్రోగ్రాంలోకి రాకుండా పోయిన సంగతులో? మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి వైపు. షుగరు లేదు, బీపీ లేదు, కొబ్బరి తోటలో పని చేసుకునే మనిషి కిడ్నీ పాడైపోతుంది. శ్రీలంకలో అనూరాధపురం వైపు ఇదే కథ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలదీ ఇదే కథ. ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడం వల్లా, నీళ్లలో ఏదైనా ఉందా, పురుగుమందులా, తేలలేదు. అంతర్జాతీయమంటే ఈ నాలుగు చోట్ల వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టడం కాదా? పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ తెరిచారు కూడా. కానీ ఈ జబ్బు రాకుండా ఆపడానికి అమ్ముకునే మాత్ర ఏదీ లేదు. డయాలిసిస్ మిషన్ల వాళ్లు స్టాల్ పెడతారు. కిడ్నీ పోకుండా చూసే మాటకు డబ్బు పెట్టేవాళ్లెవరు?

అనాటమీ అక్క:
ఇది ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ దీనికి విరుగుడు కంపెనీల డబ్బు మానేయడం కాదు, సబ్జెక్టులు ఎంచే పనికి దాన్ని దూరంగా పెట్టడం. స్టాళ్ల సొమ్ము కాలేజీ ఖాతాలో పడాలి. ఎవరెంత ఇచ్చారో సబ్జెక్టులు ఎంచే కమిటీకి తెలియకూడదు. కంపెనీ పేరుతో సెషన్ ఉండకూడదు.

పాతకాపు:
తెలియకుండా ఉంటుందా! గేటు దగ్గర ఫ్లెక్సీ కడతారు కదా.

సర్కారు పీజీ:
మేడమ్, మా దగ్గర సబ్జెక్టులు ఎంచే కమిటీ, డబ్బులు తెచ్చే కమిటీ ఒక్కటే. వాట్సాప్ గ్రూపు కూడా ఒక్కటే. ఉద్దానం అన్నా, అనూరాధపురం వాళ్లు జూమ్‌లోనైనా మాట్లాడతారంటావా? మూడో రోజు పొద్దున 9 గంటల స్లాట్ ఖాళీగా ఉంది. దానికి స్పాన్సర్ దొరకలేదట.