బెర్లిన్ యూదు మ్యూజియంలోని ఇనుప ముఖాల మీద నడవవచ్చా?

లిండెన్ నీడ:

గత నెలలో మా అమ్మ బెర్లిన్ వచ్చినప్పుడు ఆమెను ఇక్కడి యూదు మ్యూజియానికి తీసుకువెళ్లాను. అక్కడ ఒక గదిలో మా ఇద్దరికీ వచ్చిన భేదాభిప్రాయం ఆమె గుంటూరు తిరిగి వెళ్లాక కూడా తీరలేదు. అందుకే విషయాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

చూడనివారి కోసం ఆ చోటు గురించి ముందుగా చెప్పాలి. మ్యూజియంలో 1735 నాటి పాత భవనం ఒకటి, దాని పక్కన డేనియల్ లిబెస్కిండ్ రూపకల్పన చేసిన కొత్త భవనం ఒకటి ఉన్నాయి. కొత్తది జింకు రేకులతో కప్పబడి, మెరుపు గీతలా వంకరలు తిరిగి ఉంటుంది. సందర్శకులు పాత భవనంలోకి వచ్చి, అక్కడి నుంచి మెట్లు దిగి, భూగర్భ మార్గం గుండా కొత్తదానిలోకి చేరాలి. నాజీల కాలంలో ఈ నగరం తన యూదులతో పాటు పోగొట్టుకున్నదానికి గుర్తుగా, లిబెస్కిండ్ ఆ భవనంలో కింది నుంచి పైకప్పు దాకా కొన్ని చోట్లను ఖాళీగా వదిలేశాడు. వాటిలో ఒకదానిలో ఇజ్రాయెల్ శిల్పి మెనాషే కడిష్మాన్ చేసిన 'షలెఖెత్' ఉంది. ఆ హీబ్రూ మాటకు రాలిన ఆకులు అని అర్థం. 20 మీటర్లకు పైగా ఎత్తున్న కాంక్రీటు గోడల మధ్య, నేల ఏమాత్రం కనిపించకుండా, దళసరి ఇనుప పలకల నుంచి గుండ్రంగా కోసిన 10,000కు పైగా ముఖాలు పరచి ఉంటాయి. ప్రతిదానికీ రెండు కళ్లు, ఒక ముక్కు, తెరిచిన నోరు. వాటి మీద నడవమని మ్యూజియమే సందర్శకులను ఆహ్వానిస్తుంది.

నేను నడిచాను. అమ్మ అంచు దగ్గరే ఆగిపోయింది. "మొహాల మీద కాలెలా పెడతావురా" అన్నది. ఇది కళాకృతి అనీ, శిల్పి కోరుకున్నదే ఇదనీ నేను చెప్పాను. నేను చివరి దాకా వెళ్లి తిరిగి వచ్చేటప్పటికి ఆమె గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. హల్లెషెస్ టోర్ స్టేషన్ చేరేదాకా మాట్లాడలేదు. రైలు ఎక్కాక ఒక్క మాట అన్నది: "వాళ్లను ఒకసారి తొక్కింది చాలలేదా?"

నడవనివారు ఆ శిల్పాన్ని సగమే చూసినట్టు అని నా అభిప్రాయం. అయినా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. మీరేమంటారు?

కొవ్వూరు గట్టు:

లిండెన్ నీడ గారూ, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆమె చేసినది సరైనదని నేను సందేహం లేకుండా నమ్ముతున్నాను.

పుస్తకానికి కాలు తగిలితే వేళ్లతో తాకి కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. దీన్ని ఆచారమని తోసిపుచ్చడం తేలిక. కానీ కాలు ఎక్కడ పెడతామన్నది ఎదుటివారిని మనం ఏ స్థానంలో ఉంచుతున్నామో చెప్పే మాట అని ఆ ఆచారానికి తెలుసు. శిల్పి అనుమతి ఇచ్చాడు, మ్యూజియం అనుమతి ఇచ్చింది, నిజమే. చనిపోయినవారిని అడిగినదెవరు?

ఇంకొక మాట. ఇక్కడికి కొద్ది దూరంలోనే, బ్రాండెన్‌బుర్గ్ గేటు పక్కన, నాజీల చేతిలో హతమైన యూరప్ యూదులకు 2,711 కాంక్రీటు దిమ్మెల స్మారకం ఉంది. 2005లో అది తెరుచుకున్నప్పటి నుంచి జనం ఆ దిమ్మెల మీదకు ఎక్కి, గెంతి, యోగాసనాలు వేసి ఫోటోలు దిగుతూనే ఉన్నారు. 2017లో షహాక్ షపీరా అనే రచయిత అటువంటి సెల్ఫీల వెనుక మృత్యు శిబిరాల ఛాయాచిత్రాలను చేర్చి ప్రజల ముందు పెట్టవలసి వచ్చింది. చావు గురించిన చోటును శరీరంతో అనుభవించమని జనానికి చెబితే, అందులో ఎందరు అనుభవిస్తారు, ఎందరు ఆడుకుంటారు?

ఉలిదెబ్బ:

శిల్పకళ నేర్చుకున్నవాడిగా నాకు ఈ వాదనలో ఒక లోపం కనిపిస్తున్నది. కొవ్వూరు గట్టు గారు ఆ ముఖాలను చనిపోయినవారి ప్రతిమలుగా భావిస్తున్నారు. అవి ఎవరి పోలికలూ కావు. అన్నింటికీ అవే మూడు నాలుగు కోతలు. ఒక మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చేవన్నీ అందులో తీసివేయబడ్డాయి. కడిష్మాన్ దీన్ని హోలోకాస్ట్ (నాజీలు యూదులపై సాగించిన మారణహోమం) మృతులతో పాటు యుద్ధానికీ హింసకూ బలైన అమాయకులందరికీ అంకితం చేశాడు.

అసలు సంగతి శబ్దంలో ఉంది. ఇనుము మీద ఇనుము ఒరుసుకుని కీచుమంటుంది, ఆ ఎత్తైన గోడలకు తగిలి తిరిగి వస్తుంది. ఎవరూ నడవకపోతే ఆ పదివేల నోళ్లూ మూసుకున్నట్టే. శిల్పి ఇనుమును పరిచి ఊరుకున్నాడు, దాన్ని పలికించే పనిని చూసేవారికి వదిలాడు. నడిచేవారి కాళ్ల కింద లేచిన శబ్దానికి నడిచేవారే కారణం. ఆ ఇబ్బందిని మోయించడమే దాని ఉద్దేశం. అంచున నిలబడి దండం పెట్టుకుని వెళ్లిపోతే ఆ బరువు మన మీద పడదు.

ఇక కాలు పెట్టడం అవమానమే అన్న మాటకు మన దగ్గరే జవాబు ఉంది. తిరుమలలో గర్భగుడి గడపను కులశేఖర పడి అంటాం. స్వామి గుమ్మం ముందు మెట్టుగా పడి ఉండాలని కులశేఖర ఆళ్వారు కోరుకున్నాడు. అలిపిరి దగ్గర సాష్టాంగపడిన మనిషి శిల్పాన్ని కొండ ఎక్కేవాళ్లందరూ చూసి ఉంటారు. కాళ్ల కింద ఉండటం ప్రతిసారీ అవమానం కాదు.

కొవ్వూరు గట్టు:

ఆళ్వారు కోరుకున్నాడు, ఉలిదెబ్బ గారూ. మీ ఉదాహరణ నా వాదననే బలపరుస్తున్నది. తానై మెట్టుగా మారాలనుకున్నవాడికీ, పట్టుకొచ్చి నేలమీద పడవేసినవాడికీ మధ్య ఉన్న తేడాను మీరు ఒక్క వాక్యంలో దాటేశారు.

ఈజర్ ఒడ్డు:

నేను మ్యూనిఖ్‌లో ఉంటాను. మా నగరంలో ఇదే ప్రశ్న మ్యూజియం గోడలు దాటి వీధిలోకి వచ్చి, నగరసభలో ఓటుదాకా వెళ్లింది. అందుకని ఆ సంగతి కొంత వివరంగా రాస్తాను.

గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు నాజీల చేతిలో చనిపోయినవారి, వెళ్లగొట్టబడినవారి చివరి ఇళ్ల ముందు, కాలిబాటలో పది సెంటీమీటర్ల ఇత్తడి పలకలు పొదుగుతున్నాడు. వాటిని జర్మన్‌లో ష్టోల్పర్‌ష్టైన్ అంటారు, నడిచేవారి కాలికి తగిలే రాయి అని అర్థం. పేరు, పుట్టిన సంవత్సరం, తీసుకుపోయిన తేదీ, చనిపోయిన చోటు, అంతే ఉంటుంది. 2023 నాటికి యూరప్ అంతటా అటువంటివి 1,00,000 దాటాయి. బెర్లిన్‌లో లిండెన్ నీడ గారు రోజూ వాటిని దాటుతూనే ఉంటారు.

మ్యూనిఖ్ మాత్రం ప్రభుత్వ స్థలంలో వాటిని వద్దన్నది. 2004లో ఒకసారి, 2015లో మరొకసారి నగరసభ అదే నిర్ణయించింది. గట్టిగా వ్యతిరేకించినది ఇక్కడి యూదు సమాజానికి అధ్యక్షురాలైన షార్లొటె క్నోబ్లోఖ్. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక రైతు ఇంట్లో దాక్కుని బతికి బయటపడిన మనిషి ఆమె. ఆ పేర్లను మళ్లీ బూట్ల కింద, బురదలో ఉంచడానికి ఆమె ఒప్పుకోలేదు. చివరకు 2018 నుంచి నగరం గోడల మీద, స్తంభాల మీద, కంటి ఎత్తున పలకలు పెట్టడం మొదలుపెట్టింది.

అయితే అదే మ్యూనిఖ్‌లో, చనిపోయినవారి బంధువులు కొందరు మా వాళ్ల రాళ్లు నేలలోనే ఉండాలని పోరాడారు. రాతి మీది పేరు చదవాలంటే తల వంచక తప్పదన్నది వారి వాదన. కాబట్టి యూదులు ఇలా అనుకుంటారు, మనం అలా అనుకుంటున్నాం అని విడదీసి మాట్లాడడానికి వీల్లేదు. వారి మధ్యే ఇది తెగని తగాదా.

ఇక్కడ మరొక సంగతి మరువరాదు. యుద్ధకాలంలో పోలండ్‌లోని క్రాకోవ్ పక్కనున్న ప్వాషూఫ్ శిబిరాన్ని యూదుల శ్మశానాల మీద కట్టారు. సమాధి రాళ్లను పగలగొట్టి దారులకు పరిచారు. వారి స్మృతిని కాళ్ల కింద వేయడం అన్నది అక్కడ ఉపమానం కాదు, జరిగిన పని. ఆ చరిత్ర తెలిసినవారికి ఇనుప ముఖాల మీద కాలు ఎందుకు లేవదో నేను అర్థం చేసుకోగలను. మీ అమ్మగారికి ఆ చరిత్ర చెప్పకుండానే తెలిసింది.

ఉలిదెబ్బ:

ఆ చరిత్ర కడిష్మాన్‌కు తెలియదనుకోలేం. 1932లో టెల్ అవీవ్‌లో పుట్టిన యూదుడు. తన ప్రజల ముఖాలను తానే కాళ్ల కింద పెట్టి, ఇప్పుడు నడిచి చూడండి అన్నాడు. సమాధి రాళ్ల మీద నడిచినవారికి కింద ఏముందో పట్టలేదు. ఇక్కడ పట్టించుకోకుండా నడవడం సాధ్యమేనా అని ఆయన ప్రశ్న. ఈ తేడాను కూడా ఒక్క వాక్యంలో దాటవద్దు.

పాత పుటలు:

చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవాడిని. రెండుసార్లు ఆ మ్యూజియం చూశాను, రెండుసార్లూ ఆ ముఖాల మీద నడవలేదు. నా కారణం వేరు, పాపభీతి కాదు.

బెర్లిన్‌లో మొదటి యూదు మ్యూజియం 1933 జనవరి 24న ఒరానియన్‌బుర్గర్ వీధిలో తెరుచుకుంది. ఆరు రోజుల తరువాత హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. అయినా ఆ మ్యూజియం మరో ఐదేళ్లకు పైగా బొమ్మలు వేలాడదీసి, ప్రదర్శనలు పెట్టి, జనాన్ని పిలిచింది. 1938 నవంబరు 10న నాజీల రహస్య పోలీసు దళమైన గెస్టపో దాన్ని మూసివేసింది. అది తెరుచుకున్న 1933లో నగరంలో దాదాపు 1,60,000 మంది యూదులు ఉండేవారు. చుట్టూ తలుపులు మూసుకుపోతున్నప్పుడు తమ చిత్రకారుల పనిని గోడకు తగిలించి చూసుకున్నవారి పట్టుదల నన్ను ఆ ఇనుము కంటే ఎక్కువగా కలవరపెడుతుంది.

ఇప్పటి మ్యూజియంలో 2020లో కొత్తగా అమర్చిన శాశ్వత ప్రదర్శన మధ్యయుగం నుంచి నేటి దాకా జర్మనీలో యూదుల జీవితాన్ని చూపుతుంది. 1743లో పద్నాలుగేళ్ల వయసులో దెస్సావ్ నుంచి బెర్లిన్ చేరి, తరువాత యూరప్ అంతా వినదగిన తత్త్వవేత్త అయిన మోజెస్ మెండెల్సోన్ కథ ఆ చరిత్రలోనిదే. మనవాళ్లు తిరిగి వచ్చి చెప్పేదెప్పుడూ ముఖాల గది గురించే. పది అడుగులు వేసి, చప్పుడు విని, గుండె బరువెక్కిందని చెప్పుకుని బయటపడతాం. అంత తక్కువ శ్రమతో దొరికిన బాధను నేను నమ్మలేను. ఉలిదెబ్బ గారు బరువు మోయాలన్నారు, నిజమే. కానీ నడవడం వల్ల ఆ బరువు దిగిపోయినట్టు అనిపిస్తుందేమోనని నా భయం.

లిండెన్ నీడ:

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ చదివాక మొన్న మంగళవారం ఒంటరిగా మళ్లీ వెళ్లాను. ఈసారి నడవలేదు. అమ్మ నిలబడిన చోటే, ఆ అంచున, దాదాపు గంటసేపు ఉన్నాను.

ఒక బడి పిల్లల గుంపు వచ్చింది. కొవ్వూరు గట్టు గారు అన్నట్టు ముందు ఇద్దరు కుర్రాళ్లు పరుగెత్తారు, గది అంతా పళ్లు జివ్వుమనే మోతతో నిండిపోయింది. ఆ మోతకు వాళ్లే బెదిరి ఆగిపోయారు. టీచరు ఏమీ అనవలసిన అవసరం రాలేదు. తరువాత ఒక పెద్దావిడ వచ్చింది. పలకలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కాబట్టి అడుగు వేయగానే ఒకవైపు ఒరుగుతాయి. ప్రతి అడుగుకూ కిందికి చూసి, ఏ ముఖం మీద కాలు నిలుస్తుందో ఎంచుకుని వేయాలి. ఆమె నాలుగు అడుగులు వేసింది. ఐదవ అడుగుకు ఎత్తిన కాలు కొంతసేపు గాలిలోనే ఉంచి, పక్క గోడను పట్టుకుని, వెనక్కి వచ్చేసింది. నేను నడిచిన రోజున కిందికి చూశానా అని గుర్తు తెచ్చుకున్నాను. చూశాను, జారకుండా ఉండటానికి చూశాను. ముఖాలను చూడలేదు.

అందుచేత నడవనివారు సగమే చూసినట్టు అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు ఆ గదిని మా ఇద్దరిలో అమ్మే ఎక్కువగా చూసింది. నడవడం తప్పని ఇతరులకు చెప్పను. ఆ పెద్దావిడ నాలుగు అడుగులు తప్పని నేను ఎలా అనగలను? నేను మాత్రం ఇక ఆ ముఖాల మీద కాలు పెట్టను.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, ఆ చివర ఏముందని అడిగింది. వెలుతురు తగ్గిపోయి ఒక గోడ వస్తుంది, అక్కడ ఏమీ ఉండదు, వెళ్లినవాళ్లు మళ్లీ అవే ముఖాల మీదుగా వెనక్కి రావలసిందే అన్నాను.

"అయితే ఆ రోజు రెండుసార్లు తొక్కావన్నమాట" అన్నది.

ఉలిదెబ్బ గారూ, ఆ దారికి మరో వైపున ద్వారం లేకపోవడం గురించి మీరు ఏమనుకుంటున్నారో రాయండి. వెనక్కి వచ్చే ఆ నడక గురించి మనం ఎవ్వరం ఇంతవరకు మాట్లాడలేదు.